అటక మీది దెయ్యాలు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. నేను దెయ్యాల సంగతి చెబుతాను. కంగారు పడకండి, ఇవి టీవీ దెయ్యాలు!

1993లో జీ టీవీలో రామ్‌సే సోదరుల 'జీ హారర్ షో' మొదలైంది. 1995లో సోనీలో 'ఆహట్' వచ్చింది. 1990ల చివర్లో మన ఈటీవీ 'అన్వేషిత' ప్రసారం చేసింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ కాలనీల్లో డాబా మీదుగా డాబాకు కేబుల్ వైర్లు పాకిన రోజులవి. మా పిల్లలు దుప్పటి కప్పుకొని ఒంటికంటితో చూసేవారు.

ఇలా టీవీ కోసమే తీసిన పాత భయానక చిత్రాలను వెతికి దాచుకునేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అమెరికాలో ఏబీసీ ఛానల్ 1969 నుంచి కొన్నేళ్లు వారం వారం అలాంటి టీవీ సినిమాలు వేసింది. స్పీల్‌బర్గ్ తీసిన 'డ్యూయెల్' 1971లో అలా వచ్చిందే. ఒక లారీ ఒక కారును వెంటాడుతుంది. డ్రైవరు ముఖం మనకు కనపడదు. డబ్బు తక్కువైనా భయానికి లోటు లేదు. సేకరించేవారికి అదొక ఆకర్షణ.

రెండో ఆకర్షణ, అవి అరుదు కావడం. చాలా చిత్రాలు ఒకటి రెండుసార్లు ప్రసారమై మరుగున పడ్డాయి. ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్టే కొన్నింటికి దిక్కు. మధ్యలో వచ్చే సబ్బుల ప్రకటనలు కూడా వారికి అపురూపమే. బీబీసీ టేపుల ఖరీదు చూసి పాతవి చెరిపి మళ్లీ వాడుకుంది. అలా 'డాక్టర్ హూ' సీరియల్‌లో ఎన్నో భాగాలు పోయాయి. వాటి శబ్దం మాత్రం దక్కింది. కారణం, ప్రేక్షకులు ఇళ్లలో టేప్‌రికార్డర్లు పెట్టి పట్టుకోవడమే.

అందుకే నా మనవి. ఇల్లు బిల్డరుకు అప్పగించేటప్పుడు అటక మీది వీడియో క్యాసెట్లను పాత సామాన్ల వాడికి వేయకండి. 'పెళ్లి' అని రాసి ఉన్న క్యాసెట్ చివర్లో సీరియల్ ముక్క ఉండవచ్చు. టేపుకు తెల్లటి బూజు పడితే వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్డు పాడై, బూజు మిగతా క్యాసెట్లకూ అంటుతుంది. తడి తగలని చోట నిలువుగా పెట్టండి. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016లో వీసీఆర్ల తయారీ ఆపేసింది. కనుక నడిచే యంత్రం దొరికినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. పిల్లలకు ఆ పని చెబితే సంతోషంగా చేస్తారు.

దెయ్యం సీరియల్ దొరకకపోయినా నష్టం లేదు. ఆ పెళ్లి టేపులో మన అమ్మానాన్నల నడక, మాట ఉంటాయి. అవి బజారులో దొరకవు.

సెలవు.