కరెంటుకీ ఒక తీరిక వేళ



కాళేశ్వరరావు మార్కెట్టులో పొద్దున్న అమ్మిన తోటకూర కట్ట ధర సాయంత్రానికి దిగుతుంది. కట్ట అదే, అమ్మే మనిషీ అదే. కొనేవాళ్లు తగ్గారు, సరుకు మిగిలింది, అంతే. కరెంటు సంగతీ ఇంతేనంటే మనకు వింతగా ఉంటుంది. యూనిట్టు ఎప్పుడు కాల్చినా యూనిట్టే కదా అనుకుంటాం. కాదండీ! కరెంటుకీ ఒక రద్దీ వేళ, ఒక తీరిక వేళ ఉన్నాయి. ఆ తేడా మెల్లమెల్లగా ఇళ్ల బిల్లుల్లోకి కూడా వస్తోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

డెల్టా ఆడపడుచులకు కాలవ నీళ్ల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నాట్ల రోజుల్లో పైవాళ్లంతా ఒక్కసారే నీళ్లు పెట్టుకుంటే చివరి చేలకు అందవు. కరెంటూ అంతే. పొద్దున్న ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఊరంతా కలిసి స్విచ్చులు వేస్తుంది. పొద్దున్న మోటారు, గీజరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె. సాయంత్రం దీపాలు, టీవీలు, ఏసీలు. నీళ్లను చెరువులో నిలవ ఉంచినట్టు కరెంటును చౌకగా నిలవ ఉంచలేం. చాలావరకు ఎప్పటికప్పుడు పుట్టించాల్సిందే. ఆ కాసిని గంటల కోసం అదనపు యంత్రాలు నడపాలి, లేదా ఎక్కువ ధర పెట్టి బయట కొనాలి.

మరి తీరిక వేళ ఏది? పూర్వం అయితే అర్ధరాత్రి. మన పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి థర్మల్ స్టేషను నడుస్తోంది. బొగ్గు బాయిలరును దీపం ఆర్పినట్టు రాత్రి ఆర్పేసి, తెల్లారి మళ్లీ వెలిగించడం కుదిరే పని కాదు. ఊరు నిద్రపోయినా అది ఎంతోకొంత కాగుతూనే ఉండాలి. ఇలాంటి మిగులు కరెంటుతో, కిందికి వదిలిన నీళ్లను మళ్లీ పైకి తోడే యంత్రాలను నాగార్జునసాగర్‌లో పెట్టారు. బ్రిటన్‌లో 1978లో రాత్రి ఏడు గంటల పాటు ఇళ్లకు తక్కువ ధరకు కరెంటు ఇచ్చే పద్ధతి తెచ్చారు.

ఇప్పుడు కథ తిరగబడింది. కర్నూలు దగ్గర 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు తయారైంది. అలాంటివి దేశమంతటా వచ్చాయి. దాంతో మనం తిట్టుకునే మిట్టమధ్యాహ్నపు ఎండే కరెంటును కుమ్మరించే వేళ అయింది. కేంద్ర ప్రభుత్వం 2023 జూన్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ ఉండే గంటల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. ఏ గంటలన్నది రాష్ట్ర కమిషన్లు నిర్ణయిస్తాయి. కేరళలో నెలకు 250 యూనిట్లు దాటిన ఇళ్లకు 2025లో ఇలా పగలు తగ్గింపు, సాయంత్రం పెంపు పెట్టారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. మామూలు మీటరుకు గంటలు తెలియవు, యూనిట్లే తెలుసు. మీ బిల్లులో వేళల వారీగా యూనిట్లు విడదీసి లేకపోతే, మీరు ఏ వేళ ఏ పని చేసినా ఖర్చు ఒక్కటే. ఎవరో చెప్పారని అర్ధరాత్రి లేచి బట్టలు ఉతక్కండి!

వేళ మార్చితే ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన పట్టికలో 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్టు 6 రూపాయలు. ఆపైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. వేళల ధరలు వచ్చాయనుకోండి. నెలకు 30 యూనిట్ల పని రద్దీ వేళ నుంచి మధ్యాహ్నానికి మార్చారు. ఆరు రూపాయల లెక్కన తగ్గింపు 36 రూపాయలు, తప్పిన పెంపు 18 రూపాయలు, మొత్తం 54 రూపాయలు. అదే 250 యూనిట్లు కాల్చే ఇల్లాలు 25 యూనిట్లు అసలు వాడకుండా ఉంటే, 218 రూపాయల 75 పైసలు మిగులుతాయి. రోజుకు పన్నెండు గంటలు తిరిగే 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల కొత్త రకం ఫ్యాను పెడితే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. అలాంటివి రెండు మారిస్తే చాలు. కాబట్టి ముందు పొదుపు, ఆ తరవాతే వేళ.

అయినా వేళ తెలుసుకోవడం మంచిదే. మోటారు పదకొండింటికి వేసి ట్యాంకు నింపుకోవచ్చు. అపార్టుమెంటులో అయితే మీటింగులో ఈ మాట ఎత్తండి. బట్టలు పదింటికి మిషనులో వేస్తే మన బెజవాడ ఎండకు ఒంటిగంటకల్లా ఆరిపోతాయి. పప్పు పొద్దున్నే నానబోసి రెండింటికి రుబ్బుకుంటే, పిండి రాత్రికి పొంగుతుంది. ఇస్త్రీ రోజుకో చొక్కా కాకుండా వారానికోసారి మధ్యాహ్నం చేసుకోండి. వేసవిలో డాబా మీది ట్యాంకే గీజరు! ఫ్యాను, దీపం, పిల్లల చదువు, వేళకు వంట మాత్రం గడియారానికి కట్టేవి కావు. వాటి జోలికి పోకండి.

చివరిగా ఒక్క మాట. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి ఆరింటికి ఇల్లు చేరే అమ్మాయికి ఈ మధ్యాహ్నపు చౌక ఎలా అందుతుంది? కరెంటుకు యూనిట్టుకింత అని ఇంటివారికి కట్టే అద్దెవారికి ఎలా అందుతుంది? ధరలు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజాభిప్రాయం వింటుంది. అక్కడ మనమూ ఈ ప్రశ్నలు అడగాలి. రద్దీ వేళ అంటున్నారే, అది మన వంటింటి వేళ. క్యారేజీలు సర్దే వేళ, చంటిపిల్లకు నీళ్లు పోసే వేళ. ఆ వేళకు ధర పెంచేవాళ్లు ముందుగా మనని అడగడం న్యాయం. ఇంట్లోవాళ్లూ బిల్లు తగ్గించే భారమంతా ఇల్లాలి నిద్ర మీద, నడుం మీద వెయ్యకూడదు. మధ్యాహ్నం మోటారు స్విచ్చి వెయ్యడానికి సెలవు రోజున అబ్బాయి చెయ్యి కూడా అందుతుంది కదండీ!

సెలవు.