అడుగుటకు చోటు



ఒక కార్యాలయములో పదిమంది కలసి పనిచేయవచ్చును. అంతమాత్రమున వారికి ఒకరి మాట ఒకరికి బోధపడుచున్నదని చెప్పజాలము. పై అధికారి పని చెప్పును. క్రింది ఉద్యోగి ‘చిత్తము’ అనును. సందేహమడిగినచో తెలివితక్కువవాడందురేమోయని అతని భయము.

ఈ భయమువలని నష్టమును కంటికి చూపు అభ్యాసమొకటి కలదు. ఇద్దరిని వీపులు ఆనునట్లు కూర్చుండబెట్టవలెను. కొన్ని దీర్ఘచతురస్రములు ఒకదానినొకటి తాకుచున్న చిత్రమును ఒకరికి, తెల్లకాగితమును పెన్సిలును రెండవవారికి ఇయ్యవలెను. మొదటివారు మాటలతో వర్ణింపగా రెండవవారు గీయవలెను. తొలిసారి ప్రశ్నలడుగరాదు. మలిసారి, వేరొక చిత్రముతో, ఎన్నియైనను అడుగవచ్చును.

లెవిట్, మ్యూలర్ అను అమెరికను పరిశోధకులు 1951లో ఇట్టి పరీక్షల ఫలితములను ప్రకటించిరి. ప్రశ్నలకు అవకాశమున్నప్పుడు కాలము హెచ్చుగా పట్టినది. కాని చిత్రము మూలమునకు దగ్గరగా వచ్చినది. గీసినవారికి తాము గీసినది సరియైనదను నమ్మకమును పెరిగినది.

నిర్వాహకుడు రెండు విషయములు మరువరాదు. ఒకసారియైనను అధికారిని గీయువారి స్థానమున కూర్చుండబెట్టవలెను. చిత్రము తప్పినప్పుడు ‘ఎవరి తప్పు?’ అనక, ‘ఏ మాటయొద్ద దారి తప్పినది?’ అని అడుగవలెను. పరిహాసమునకు తావిచ్చినచో మరునాటినుండి ఎవ్వరును నోరు విప్పరు.

ఇది వట్టి వినోదము కాదు. 1977 మార్చి 27న టెనెరిఫ్ విమానాశ్రయమున పొగమంచులో రెండు విమానములు ఢీకొని 583 మంది మరణించిరి. ఒక విమానము పైకెగురుటకు పరుగెత్తుచుండగా, ఎదుటి విమానము దారి తొలగలేదేమోయని అందలి ఇంజనీరు సందేహము వెలిబుచ్చెను. అనుభవజ్ఞుడైన కెప్టెను తొలగినదనెను. ఇంజనీరు మరల అడుగలేదు. అటుపిమ్మటి సంవత్సరములలో, సందేహమును నిర్భయముగా పలుకుటయు, పెద్దలు దానిని ఆలకించుటయు నేర్పు శిక్షణ విమాన సిబ్బందికి ఏర్పడినది.

ఇప్పుడు నేను చెప్పుచున్నది తెలియకున్నను మీరు నన్ను ఆపి అడుగలేరు. రేడియోకు ఆ లోపము తప్పదు. ఒకే గదిలో కూర్చుండి పనిచేయువారికి మాత్రము దానిని కొనితెచ్చుకొనవలసిన అగత్యమేమి? పని చెప్పిన పిమ్మట ‘మీకేమి బోధపడినదో చెప్పుడు’ అని ఒక్కమాట అడిగి, ఓపికతో వినినచో చాలును. నమ్మకము అక్కడనుండియే మొదలగును.