టర్నరు చిత్రమున వెనీసు జలకాంతి



నీటిని చిత్రించుట కష్టసాధ్యమైన పని. నీటికి తనదను రంగు లేదు. పైనున్న ఆకాశమునుండియు, ఒడ్డుననున్న గోడలనుండియు ఎరువు తెచ్చుకొనును. వెలుతురునకు ఆకారమే లేదు. ఈ రెంటినే నమ్ముకొని ఒక నగరమును నిలిపినవాడు ఆంగ్ల చిత్రకారుడగు టర్నరు (1775–1851).

వెనీసు ఆడ్రియాటిక్ సముద్రపు అంచున, లోతు తక్కువైన ఉప్పునీటి నడుమ, చిన్న చిన్న దీవులపై కట్టిన పట్టణము. అక్కడ కాలువలే రాజవీధులు, పడవలే బండ్లు. దీర్ఘకాలము స్వతంత్రముగా వెలిగిన ఆ గణరాజ్యము 1797లో నెపోలియను ధాటికి కూలినది. 1815 పిమ్మట ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. టర్నరు అచ్చటికి 1819, 1833, 1840 సంవత్సరములలో మూడు మారులు పోయెను. అన్నియు కలిపినను నెలదినములు నిండవు.

1843లో లండనులోని రాయల్ అకాడమీ ప్రదర్శనమున ఆయన 'సముద్రమునకు బోవుచున్న వెనీసు సూర్యుడు' అను చిత్రమును ఉంచెను. ఎత్తు రెండడుగులు, వెడల్పు మూడడుగులు, అంతే. సూర్యుడనగా ఇచ్చట ఒక చేపల పడవ. దాని తెరచాపపై సూర్యబింబమును, పేరును వ్రాయబడి యున్నవి. వెనుక నగరము ప్రాతఃకాలపు మంచులో కరగిపోవుచున్నట్లుండును. ఆకాశ మెచ్చట ముగిసినదో, జల మెచ్చట మొదలైనదో తెలియదు. సాదృశ్యముచే భేదము కానరాకుండుటను మన ఆలంకారికులు మీలితమనిరి. ఆ అలంకారమును రంగులతో వ్రాసినచో ఇట్లుండును. సరిహద్దు రాళ్లు వెదకువారికి ఇందు నిరాశయే. అంతకు నూరేండ్ల క్రిందట కెనలెట్టో అను వెనీసు చిత్రకారుడు అవే భవనములను కిటికీలు లెక్కింప వీలుగా వ్రాసెను. అదియు విద్యయే, కాని అందు నీరు భవనములకు పీటవంటిది.

టర్నరు నేర్పు పడవ నీడలో కలదు. నిశ్చలజలమున ప్రతిబింబము అద్దములోవలె స్పష్టముగా నుండును. చిరుగాలికి అలలు లేచినచో ఒక్కొక్క అల వాలు ఒక్కొక్క చిన్న అద్దమై, ఆ బింబమును తునుకలు చేసి చూచువానివైపు సాగదీయును. తెరచాప రంగు లట్లు సాగి నీటిలో వణకుచున్నవి. టర్నరు చిత్రములు రూపుమాసిన అలుకుడు పనులని హేళన చేసినవారు కలరు. రస్కిన్ అను ఇరువది నాలుగేండ్ల యువకుడు ఆ యేడే ఒక గ్రంథమును ప్రకటించి, ప్రకృతిసత్యమును ఎరిగినవాడు టర్నరే యని వాదించెను.

ప్రదర్శనపు పట్టికలో ఆయన స్వీయపద్యములు కొన్ని అచ్చు వేయించెను. ఉదయము సుందరముగా నున్నది, గాలి మెత్తగా వీచుచున్నది, పడవ ఉల్లాసముతో సాగుచున్నది. సాయంకాలపు ఎరకై పిశాచ మొకటి కాచియున్నదని అది ఎరుగదు. ఇది వాని భావము. పద్యములు గొప్పవి కావు. అవి లేకున్నను చిత్రము ఆ మాట చెప్పగలదు. ఏలయన ఇందు మొదట కన్నులకు తగులు సూర్యుడు ఆకాశమున లేడు, గాలి ఉన్నంతవరకే నిండియుండు గుడ్డమీద నున్నాడు. రాజ్యము పోయిన నగరమునకు మిగిలిన సూర్యుడదియే.

ఈ చిత్రము టర్నరు మరణానంతరము ఆయన ఆస్తితోపాటు ఆంగ్లజాతికి సంక్రమించి, లండనులోని టేట్ చిత్రశాలకు చేరినది. ముద్రిత ప్రతిని చూచువారైనను మొదట పడవను విడిచి, దాని క్రింది నీటిని చూడవలయును.