మర్చిపొమ్మని చెప్పకండి



మా ఊళ్లో మిలిటరీ తాతయ్య అని ఒకరుండేవారు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వెళ్లి వచ్చిన మనిషి. ఎండాకాలం అరుగు మీద పడుకునేవారు. ఆయన్ని నిద్ర లేపాలంటే మామ్మ దగ్గరికి వెళ్లేది కాదు. కాళ్లవైపు నాలుగడుగుల దూరంలో నిలబడి, ‘తెల్లారిందండీ’ అని ఆయన కళ్లు తెరిచేదాకా మెల్లగా అంటూనే ఉండేది. ఒకరోజు తెలియక నేను వెళ్లి భుజం పట్టుకుని కుదిపాను. చటుక్కున ఆయన చెయ్యి నా గొంతు పట్టుకుంది. మరుక్షణం వదిలేసి, నన్ను ఒళ్లోకి లాక్కుని వణికిపోయారు. గాలి సోకిందని ఊళ్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. అయినవాళ్లు మాత్రం ‘అయిపోయిందేదో అయిపోయింది, మర్చిపో’ అనేవారు.

ఆ ‘మర్చిపో’ అన్న మాట గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

మొదటి ప్రపంచయుద్ధంలో ఒంటి మీద గాయం లేకుండానే మాట పడిపోయిన సైనికులు, చూపు పోయినవాళ్లు, ఆగని వణుకుతో నిలబడలేనివాళ్లు ఆసుపత్రులకు వచ్చారు. 1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో దీన్ని ‘షెల్ షాక్’ పేరుతో రాశాడు. ఫిరంగి గుండు పేలుడుకు మెదడు అదిరి ఇలా అవుతుందని మొదట్లో అనుకున్నారు. కానీ పేలుడు దరిదాపుల్లో లేనివాళ్లకూ అదే జబ్బు. అంటే దెబ్బ తగిలింది మనసుకు. ఆ సంగతి ఒప్పుకోవడం సైన్యానికి కష్టమైంది. పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం 306 మందిని కాల్చి చంపింది. వాళ్లకు క్షమాభిక్ష దొరికింది 2006లో!

ఆ రోజుల్లో స్కాట్లాండులోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు ఉండేవాడు. అంతకు పదిహేనేళ్ల ముందు ఆయన మన పాత మద్రాసు రాష్ట్రంలోని నీలగిరులకు వచ్చి, అక్కడి గిరిజనులైన తోడాల మాటలు ఓపిగ్గా విని, 1906లో వాళ్ల మీద పెద్ద గ్రంథం రాశాడు. అలా వినడం తెలిసిన మనిషి చేతికి ఈ సైనికులు వచ్చారు. 1917 డిసెంబరులో వైద్యుల సభలో ఆయన చదివిన వ్యాసం సారాంశం ఇది: యుద్ధాన్ని తలచుకోవద్దని చెప్పేకొద్దీ అది రాత్రిళ్లు కలలోకి వస్తుంది.

అందులో ఒక అధికారి కథ ఉంది. స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి, ముక్కలైపోయిన శరీరాన్ని చూశాడు. రాత్రయితే అదే కల. రివర్స్ అతనితో, శరీరం అంతగా ఛిద్రమైందంటే ప్రాణం క్షణంలో పోయి ఉంటుందని, నీ స్నేహితుడు బాధపడలేదని చెప్పాడు. కొన్నాళ్లకు మళ్లీ కల వచ్చింది. ఈసారి స్నేహితుడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇంటివాళ్లకు పంపడానికి అతని నడుము పటకా విప్పుతున్నాడు. మెలకువ వచ్చేసరికి ఏడుస్తున్నాడు. భయం పోయింది, దుఃఖం మిగిలింది.

అందరికీ అలా కుదరలేదు. మరొకతన్ని పేలుడు విసిరేస్తే, కుళ్లిన శవం మీద ముఖం ఆని పడ్డాడు. దానిలో ఊరట ఇచ్చే ముక్క ఒక్కటీ రివర్స్‌కు దొరకలేదు. దొరకలేదని రాసుకున్నాడు కూడా. ఆ నిజాయితీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే క్రెయిగ్‌లాకార్ట్ అధికారుల ఆసుపత్రి. మామూలు సిపాయిలకు అంత ఓపిక దక్కలేదు. మన సిపాయిల మీదైతే మరో అనుమానం కూడా పడింది. చేతి గాయాలతో వచ్చినవాళ్లు తమను తామే కాల్చుకున్నారేమోనని! బ్రైటన్‌లోని భారతీయుల ఆసుపత్రిలో కల్నల్ సెటన్ వెయ్యి గాయాలు పరిశీలించి, అందుకు ఆధారం లేదని తేల్చాడు. వాళ్ల గాయాలను లెక్కపెట్టారు. కలలను ఎవరు అడిగారు? ఇంటికి రాసే ఉత్తరాలు సెన్సారు చదివాకే కదిలేవి.

ధర్మరాజు గెలిచాక ఏడ్చాడు. శాంతిపర్వం ఆ ఏడుపుతోనే మొదలవుతుంది. యుద్ధం మనసుకు గాయం చేస్తుందన్నది మనకు తెలియని సంగతా? అమెరికా మానసిక వైద్యులు ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టింది మాత్రం 1980లో, వియత్నాం యుద్ధం ముగిశాక.

ఒక మధ్యాహ్నం మామ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. తాతయ్య గోడకు ఆనుకుని ఏదో చెబుతున్నారు. నన్ను చూసి ఆపేశారు. మామ్మ తలెత్తకుండానే నన్ను లోపలికి పొమ్మని సైగ చేసింది. నేను గడప దాటాక ఆయన గొంతు మళ్లీ వినిపించింది.