పుస్తకముతో జతపడిన రికార్డు: పన్ను ఎట్లు పడును?

(పోలవరము ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీ యెదుట ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చిన్నది. కాని పంచాయతీ నిధిని పట్టి చూచినచో చిన్నది కాదు. గ్రామ గ్రంథాలయమునకు, అంగన్‌వాడీకి, పాఠశాలకు పుస్తకములు కొనుటకై మీరు తీర్మానములు చేయుచుందురు. అమ్మకందారు పుస్తకముతోపాటు పాటలో పాఠములో రికార్డు చేసిన సీడీని గాని, పెన్‌డ్రైవును గాని జతచేసి, రెండింటికిని కలిపి ఒకే ధర చెప్పును. బిల్లు వచ్చిన పిదప దాని అడుగున పన్ను మొత్తము కనబడును. “పుస్తకమునకు పన్ను లేదందురే, ఇది యెక్కడిది?” అని యొక సభ్యుడు ప్రశ్నించును. “పెట్టెలో సీడీ యున్నది కదా!” అని అమ్మకందారు బదులు చెప్పును. ఇద్దరి మాటలోను కొంత నిజము కలదు. ఎవరి మాట ఎంతవరకు చెల్లునో తెలిసికొనుటయే ఈ ప్రసంగము ముఖ్యోద్దేశము.

పేర్లు మారినవి, ప్రశ్న మారలేదు

అమ్మకపు పన్ను మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో నున్న కాలమున, 1939 లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సాధారణ అమ్మకపు పన్ను చట్టమును తెచ్చెను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప 1957 లో మన రాష్ట్రమునకు ప్రత్యేక చట్టము వచ్చెను. 2005 ఏప్రిల్ 1 నుండి విలువ ఆధారిత పన్ను, అనగా వ్యాట్, దాని స్థానము నాక్రమించెను. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను, అనగా జి.ఎస్.టి., అమలులో నున్నది. ఇన్ని పేర్లు మారినను మూలప్రశ్న ఒక్కటే: అమ్మిన వస్తువేది? దానికి రేటెంత?

అచ్చు పుస్తకమునకు, అంధులు చదువుకొను బ్రెయిలీ పుస్తకముతో సహా, పన్ను సున్న. పిల్లల బొమ్మల పుస్తకములకును అంతే. 2025 సెప్టెంబరు 22 నుండి నోటు పుస్తకములకు, పటములకు, పెన్సిళ్లకు కూడ పన్ను తీసివేసిరి. సీడీ, టేపు, పెన్‌డ్రైవు మొదలగు రికార్డు సాధనములకు మాత్రము నూటికి 18 రూపాయలు. అందు 9 కేంద్రమునకు, 9 రాష్ట్రమునకు చెందును. అచ్చయిన పుస్తకమునే ఇంటర్నెట్ ద్వారా ఈ-పుస్తకముగా అమ్మినచో నూటికి 5. కథ ఒక్కటే, కాగితముపై సున్న, తెరపై 5, సీడీలో 18. కావున పన్ను కథను చూచి పడునది కాదు. ఆ కథ ఏ రూపమున మన చేతికి వచ్చినదో దానిని చూచి పడునది.

ఈ విషయమున మన రాష్ట్రమునుండి పోయిన వ్యాజ్యమే దేశమునకు దారి చూపినది. సీడీలలో అమ్మిన కంప్యూటరు ప్రోగ్రాములపై మన 1957 చట్టము ప్రకారము పన్ను విధింపగా, అవి బుద్ధిచే పుట్టినవే గాని వస్తువులు కావని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వారు వాదించిరి. 2004 నవంబరు 5 న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఆ వాదమును త్రోసిపుచ్చెను. పుస్తకమున రచయిత భావమును, రికార్డున సంగీతమును నిలిచియున్నట్లే సీడీలో ప్రోగ్రాము నిలిచియున్నదనియు, కొనదగి, అమ్మదగి, చేతులు మారదగినది గనుక అది వస్తువే యనియు తీర్పు చెప్పెను.

ఒకే కట్టలో రెండు వస్తువులు

పన్ను లేని వస్తువును పన్ను గల వస్తువును ఒకే కట్టలో, ఒకే ధరకు అమ్మినప్పుడు ఏమి చేయవలెను? కేంద్ర జి.ఎస్.టి. చట్టము 8 వ సెక్షను దీనికి రెండు మార్గములు చూపినది.

మొదటిది సంయుక్త సరఫరా. దీనినే కాంపోజిట్ సప్లై యందురు. రెండు వస్తువులు సహజముగా జతపడి, వ్యాపారమున మామూలుగా కలిసియే అమ్ముడుపోవుచు, వానిలో నొకటి ప్రధానము, రెండవది దానికి తోడు అయినప్పుడు, ప్రధాన వస్తువు రేటే మొత్తమునకు వర్తించును. రెండవది మిశ్రమ సరఫరా, అనగా మిక్స్‌డ్ సప్లై. సహజ సంబంధము లేని వస్తువులను అమ్మకందారు తన సౌకర్యముకొరకు ఒక ధరకు కట్టిపెట్టినచో, వానిలో దేనికి రేటు ఎక్కువయో ఆ రేటే మొత్తమునకు పడును.

మన యెరుకలోని ఉదాహరణలు చూతము. పోలవరము, బుట్టాయగూడెము ప్రాంతములలోని కోయ పిల్లలకొరకు ఒక వాచకము సిద్ధముచేసి, అందలి పదముల ఉచ్చారణను సీడీలో ఎక్కించి జతపరచిరనుకొందము. ఆ సీడీని విడిగా కొనువారుండరు. వాచకము ఎదుట లేనిదే దానికి ప్రయోజనము లేదు. ఇచ్చట పుస్తకమే ప్రధానమని చెప్పుటకు బలమైన ఆధారము కలదు. అట్లు తేలినచో పన్ను సున్న.

మరియొకటి. పట్టిసీమ క్షేత్ర మాహాత్మ్యమును తెలుపు పుస్తకమును, ఒక గంట వినదగిన భజనల సీడీని ఒక సంచిలో పెట్టి ఒకే ధరకు అమ్మిరనుకొందము. పుస్తకమును సీడీ లేకయే చదువవచ్చును. సీడీని పుస్తకము లేకయే వినవచ్చును. ఇది మిశ్రమ సరఫరా యగుట కెక్కువ అవకాశమున్నది. అప్పుడు పుస్తకపు విలువపై కూడ నూటికి 18 పడును. ఇక సీడీ పెట్టెలో పాటల సాహిత్యము ముద్రించిన నాలుగు పుటల కాగితమున్నచో, అచ్చట సీడీయే ప్రధానము. కాగితమున్నదని పన్ను తగ్గదు.

ఒక పెట్టెలో పెట్టినంత మాత్రమున రెండు వస్తువులు ఒకటి కావు. పంజాబు రాష్ట్రమునకు, నోకియా కంపెనీకి నడచిన వ్యాజ్యమున 2014 డిసెంబరు 17 న సుప్రీంకోర్టు, సెల్‌ఫోనుతో ఒకే పెట్టెలో వచ్చినను ఛార్జరు వేరు వస్తువేయని చెప్పి, ఫోనుకుగల తక్కువ రేటును దానికి నిరాకరించెను. అది వ్యాట్ కాలపు తీర్పు. అయినను పెట్టెను చూచి మోసపోరాదను సూత్రము మనకు నేటికిని పనికివచ్చును.

లెక్క చూడుడు

100 రూపాయల పుస్తకము, 50 రూపాయల సీడీ తీసికొందము. రెండును విడివిడిగా బిల్లు వ్రాసినచో సీడీపై మాత్రమే పన్ను, 9 రూపాయలు. ఒకే ధర 150 గా వ్రాసి, అది మిశ్రమ సరఫరా యైనచో పన్ను 27 రూపాయలు. పుస్తకము ప్రధానమైన సంయుక్త సరఫరా యైనచో సున్న. వస్తువులు అవే, విలువ అదే. పన్ను మూడు విధములు.

ఇట్టివి 100 జతలు కొన్న పంచాయతీ, విడిబిల్లు అడుగనందున 900 రూపాయలకు బదులు 2,700 చెల్లించును. ఆ తేడా 1,800 రూపాయలతో మరి 18 పుస్తకములు గ్రంథాలయమునకు వచ్చియుండెడివి. వ్యాపారి తాను కట్టిన పన్నును తన ఖాతాలో సరిపుచ్చుకొనవచ్చును. గ్రంథాలయమునకై కొనిన పంచాయతీకి ఆ వెసులుబాటు లేదు. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకమును గ్రామస్థులనుండి వసూలు చేయువారు మీరే. అట్టి సొమ్ము ఎంత కష్టమున వచ్చునో మీకు ఒకరు చెప్పనక్కరలేదు.

“పుస్తకము కొన్నచో సీడీ ఉచితము” అను మాటకు కూడ భ్రమపడవలదు. ఒకటి కొన్న నొకటి ఉచితమను అమ్మకములను, రెండు వస్తువులు ఒకే ధరకు అమ్మినట్లే చూడవలెనని 2019 మార్చి 7 నాటి కేంద్ర సర్క్యులరు స్పష్టపరచినది.

పంచాయతీ చేయవలసినది

మొదటిది, ధరలు పిలుచునప్పుడే పుస్తకము ధర, రికార్డు ధర వేరువేరుగా కోరుడు. బిల్లులోను వేరువేరు వరుసలలో వ్రాయింపుడు. కాని పన్ను తప్పించుటకై పుస్తకమునకు 149, సీడీకి 1 అని వ్రాయించుట తగదు. విలువలు వాస్తవముగా నుండవలెను. సీడీ యున్నను బిల్లులో పుస్తకములని మాత్రమే వ్రాయుట మరియు తప్పు. స్టాకు రిజిస్టరుకు, బిల్లుకు పొత్తు కుదరక ఆడిటు నాడు జవాబు చెప్పవలసినవారు మీరే యగుదురు.

రెండవది, పన్ను వేసిన బిల్లుపై 15 అక్షరములు, అంకెలు గల జి.ఎస్.టి. నంబరున్నదో లేదో చూడుడు. మన రాష్ట్రపు నంబరు 37 తో మొదలగును. రిజిస్ట్రేషను లేని వ్యాపారికి పన్ను వసూలు చేయు హక్కు లేదు. మన రాష్ట్రమున వస్తువులు మాత్రమే అమ్ముచు, ఏడాది వ్యాపారము 40 లక్షలు మించని చిన్న దుకాణదారు సాధారణముగా రిజిస్ట్రేషను పొందనక్కరలేదు. కాంపోజిషను పద్ధతిలో నున్న వ్యాపారి కూడ కొనువారినుండి పన్ను వేరుగా వసూలు చేయరాదు.

మూడవది, చట్టము దృష్టిలో గ్రామ పంచాయతీ స్థానిక సంస్థ. పన్ను పడు సరఫరా కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు మించినచో, చెల్లింపులో నూటికి 2 చొప్పున మినహాయించి ప్రభుత్వమునకు జమకట్టవలెను. ఈ నియమము 2018 అక్టోబరు 1 నుండి అమలులో నున్నది. పన్ను లేని పుస్తకములపై ఈ మినహాయింపు లేదు. విడిబిల్లు ఇచ్చట కూడ మీకు తోడ్పడును.

నాలుగవది, జత సంయుక్తమో మిశ్రమమో తేలనప్పుడు, అమ్మకందారు అడ్వాన్స్ రూలింగ్ సంస్థకు దరఖాస్తు పెట్టుకొని ముందే నిర్ణయము పొందవచ్చును. ఆ నిర్ణయము ఆ దరఖాస్తుదారునికి, అతనిపై అధికారము గల పన్ను అధికారికి మాత్రమే కట్టుబాటు. ఒకరి రూలింగును మరియొకరు చూపినచో దానిని పట్టుకొని చెల్లింపు చేయవలదు.

నేడు మరియొక మార్గము కూడ వచ్చినది. పాఠ్యపుస్తకములలో క్యూఆర్ కోడు ముద్రించి, ఫోను దానిపై చూపగానే పాఠము వినబడునట్లు చేయుచున్నారు. వినుటకు వేరుగా రుసుము లేనప్పుడు అచ్చట చేతులు మారు వస్తువు పుస్తకమొక్కటే. సీడీ త్రిప్పు యంత్రములే కరవగుచున్న ఈ రోజులలో, కొనుటకు ముందు ఆ సదుపాయమున్న పుస్తకము దొరకునేమో విచారించుట మంచిది.

సభ్యులారా! న్యాయముగా పడు పన్నును కట్టుట మన విధి; అందు సగము మన రాష్ట్రమునకే వచ్చును. న్యాయముగా పడని పన్నును తెలియక కట్టుట మాత్రము పిల్లల చేతిలోని పుస్తకమును తీసివేయుటతో సమానము. ఇకముందు కొనుగోలు తీర్మానము వ్రాయునప్పుడు “పుస్తకము ధర, రికార్డు ధర వేరువేరుగా” అను నాలుగు మాటలు చేర్పుడు. మీ పంచాయతీ నిధికి అవియే కాపలా.