కదురు పోయింది, చక్రం మిగిలింది
(జనవరి 12న నీలం నగర్‌లో జరిగిన అమరుల సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1931లో ఇదే రోజున మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా, ఈ నలుగురినీ ఎరవాడ జైలులో ఉరితీశారు. వారి త్యాగం గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను ఆనాటి జెండా మీది బొమ్మ గురించి నాలుగు మాటలు చెబుతాను.

1930 మే నెలలో గాంధీని అరెస్టు చేశారన్న కబురు రాగానే షోలాపూర్ మిల్లు కార్మికులు పని ఆపి వీధుల్లోకి వచ్చారు. 8వ తేదీన పోలీసు కాల్పులు జరిగాయి. 12 నుంచి మార్షల్ లా పెట్టారు. అప్పుడు కాంగ్రెసు జెండా పట్టుకుని తిరగడమే నేరం. తోపులూ తుపాకులూ ఉన్న సర్కారు ఒక గుడ్డముక్కకు జడిసింది! ఆ గుడ్డ మీద ఏముంది? తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు చారలు, వాటి మీద రాట్నం. మన అవ్వలు ఇంట్లో కూర్చుని కండెలు చుట్టిన రాట్నం లాంటిదే.

ఆ జెండా పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య జెండా నమూనా గీసి గాంధీకి ఇచ్చాడు. రాట్నం పెట్టాలన్న సూచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. గాంధీకి రాట్నమంటే చేతి నూలు, ఖద్దరు. మరి దాన్ని మోసిన మనవాళ్లు ఎవరు? మిల్లులో మిషన్ల మీద నూలు తీసేవాళ్లు! వాళ్లు ఖద్దరు కోసం కాల్పులకు ఎదురు నిలిచారని నేను అనుకోను. వాళ్లకు ఆ చక్రమంటే తెల్లదొర పోవాలి, మన రాజ్యం రావాలి. అంతే.

చక్రం అంతకంటే చాలా పాతది. బుద్ధుడు సారనాథ్‌లో చేసిన మొదటి ఉపదేశాన్ని ధర్మచక్రం తిప్పడమన్నారు. మన కృష్ణా ఒడ్డున అమరావతి శిల్పాల్లో స్తంభం మీద చక్రం ఉంటుంది, జనం దానికి మొక్కుతుంటారు. అదే చక్రాన్ని రాజులు కూడా పట్టుకున్నారు. ఎవరి రథచక్రానికి అడ్డు లేదో వాడు చక్రవర్తి! క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు సారనాథ్ స్తంభం మీద దాన్ని చెక్కించాడు.

రాట్నం స్థానంలోకి ఆ చక్రం వచ్చింది 1947 జూలై 22న. రాజ్యాంగ సభలో నెహ్రూ చెప్పిన కారణం వింటే మన పనివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రాట్నానికి ఒకవైపు చక్రం, మరోవైపు కదురు. జెండాను వెనకనుంచి చూస్తే అది తలకిందులు కాదు గానీ అటుది ఇటవుతుంది. అందుకని రెండు వైపులా ఒకేలా కనపడే చక్రాన్ని ఉంచారు. కదురును తీసేశారు. సబబైన కారణమే, కాదనను. గాంధీకి మాత్రం నచ్చలేదు. నూలు వచ్చేది కదురు మీదే కదా!

కదురు బొమ్మలోంచి పోయినా గుడ్డలో మిగిలింది. జెండా చేతితో వడికి, చేతితో నేసిన బట్టతోనే ఉండాలన్నది నియమం. హుబ్లీ దగ్గర బెంగేరిలో ఖాదీ సంఘం కార్మికులు ఆ జెండాలు చేస్తూ వచ్చారు. 2021 డిసెంబరు 30న ఫ్లాగ్ కోడ్ మార్చి, మిషన్ మీద చేసినదీ, పాలిస్టర్‌దీ చెల్లుతుందన్నారు. 2022లో ఇంటింటా జెండా అన్నప్పుడు బెంగేరి వాళ్లు నిరసనకు దిగారు.

ఇక్కడ మనం నిజం మాట్లాడుకోవాలి. మనం సాంచాల మీద బతికేవాళ్లం. మిషన్ గుడ్డ వద్దని మనం ఏ నోటితో అంటాం? చేతి మగ్గం వదిలి తెలంగాణ నుంచి ఇంత దూరం వచ్చిన కుటుంబాలు మనవి. నా అభ్యంతరం మిషన్ మీద కాదు. బెంగేరిలో నూలు వడికే అక్క నోటికాడి కూడు పోతుంటే ఆమెను ఎవరూ అడగలేదు. రేపు జెండా గుడ్డ మన సాంచాల మీదికే వచ్చినా, మీటరుకు ఎంతన్నది మనల్ని అడగరు.

ఆ మీటరు మజూరీ సంగతే ఇప్పుడు సెక్రటరీ గారు మాట్లాడతారు. బీడీలు చుట్టే అక్కలు కూడా కూర్చోవాలి, లేవకండి.