బోనాఫైడ్ కాగితం వెనక ఉన్న చరిత్ర
(బాన్సువాడలో చేసిన సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం)



సురవరం ప్రతాపరెడ్డి గారిని గోలకొండ పత్రిక సంపాదకుడిగా తలుచుకుంటాం. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినందుకు తలుచుకుంటాం. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసినందుకు తలుచుకుంటాం. 1955లో తెలుగుకు దక్కిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆ పుస్తకానిదే. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది. ఆయన హైదరాబాదులో రెడ్డి హాస్టలుకు కార్యదర్శిగా పనిచేసిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాం. అది అలా దాటేయదగ్గ సంగతి కాదు. పల్లె వదిలి పట్నం వచ్చిన పిల్లలు ఏం తింటున్నారో, ఏ భాషతో తంటాలు పడుతున్నారో, ఎవరి పక్కన కూర్చుంటున్నారో దగ్గరుండి చూసిన మనిషి ఆయన. అదే మనిషి రాజుల యుద్ధాలను పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల చరిత్ర రాశారు. ఆ హాస్టలు చూపు ఆ పుస్తకంలోకి వచ్చిందని నా నమ్మకం.

అందుకే ఈరోజు హాస్టళ్ల గురించి, కళాశాలల గురించి, అక్కడ మనుషులకు అంటుకున్న గుర్తింపుల గురించి మాట్లాడతాను.

1918తో మొదలుపెడదాం. ఉర్దూ బోధనా భాషగా హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది ఆ ఏడే. తర్వాతి రోజుల్లో కొత్వాలైన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసిందీ ఆ ఏడే. ఇంగ్లీషును కాదని దేశభాషలో పై చదువు చెప్పడం ఆ కాలానికి గొప్ప సాహసం, అందులో సందేహం లేదు. అయితే రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. ఆ పిల్లలకు చదువు భాష ఒకటి, అమ్మ భాష మరొకటి. ఇక పట్నంలో తలదాచుకునే చోటు కులం పేరుతో దొరికింది. కులం పేరు చెబితేనే చందాలు వచ్చిన రోజులవి, చందాలుంటేనే పిల్లవాడికి అన్నం. కుల హాస్టలు చదువుకు దారి వేసింది, కులాన్ని పట్నందాకా తీసుకొచ్చింది కూడా. ఈ రెండింటినీ కలిపి చెప్పకపోతే అది సగం చరిత్రే.

భాష గాయం 1921లో బయటపడింది. హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘసంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజన సంఘం పుట్టింది. దాని వారసురాలైన ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం 1937లో మన నిజామాబాదులోనే జరిగింది. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడకూడదన్నారు. పాడిన పిల్లలను హాస్టళ్ల నుంచి, తరగతుల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు అలా వెళ్లి చదువు పూర్తి చేసినవారే. ఒక ప్రార్థన గదిలో ఏం పాడాలన్న తగవు రాజ్యం మొత్తాన్ని కదిలించింది.

పరిశోధన సంగతికి వస్తే, 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ చెంచులు, కొండరెడ్లు, రాజ్‌గోండుల మీద పుస్తకాలు రాశారు, ఉస్మానియాలో పాఠాలూ చెప్పారు. 1951-52లో ఎస్.సి. దూబే నాయకత్వంలో ఉస్మానియా బృందం ఊరి జీవితాన్ని పరిశోధించడానికి శామీర్‌పేటకు వెళ్లింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం చదివేవాళ్లు కూడా ఆ బృందంలో ఉన్నారు. 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ ఆ పని ఫలమే. మన నేల మీద జరిగిన ఆ పని నేటికీ దేశమంతా చదువుతోంది. ఒక మాట మాత్రం అనక తప్పదు. ఊళ్లో ఎవరు ఎవరి ఇంట్లో నీళ్లు తాగుతారో అంత ఓపికగా రాసుకున్న విశ్వవిద్యాలయం, తన సొంత మెస్సులో ఎవరు ఏ బల్ల దగ్గర తింటున్నారో చూడడానికి చాలా కాలం తీసుకుంది.

ఆ కాలంలోనే, 1952లో, ముల్కీలు అంటే స్థానికులు కానివాళ్లు వెళ్లిపోవాలంటూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్నారు. సెప్టెంబరులో హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్రతాపరెడ్డి గారు అప్పుడు వనపర్తి శాసనసభ్యులు. ఒక టిఫిను పేరు నినాదంలోకి ఎందుకు ఎక్కిందో సాంఘిక చరిత్ర రాసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతుందన్న భయం, భాషను వెక్కిరిస్తారన్న బాధ, తిండి అలవాటు అన్నీ ఒక్కచోట ముడిపడ్డాయి. 1969 తెలంగాణ ఉద్యమంలో అదే ముడి ఇంకా బిగిసింది.

ఇక మన బాన్సువాడకు వద్దాం. అలీ నవాజ్ జంగ్ ప్రణాళికతో మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. 2,75,000 ఎకరాలకు నీళ్లన్నారు. కాలువ వెంట కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. వాళ్లు దిగిన చోట్లు క్యాంపులయ్యాయి. ఎనభై, తొంభై ఏళ్లయినా ఆ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట పోలేదు. 1937లో బోధన్‌లో చక్కెర కర్మాగారం వచ్చింది, చెరకు వచ్చింది, కూలీలు వచ్చారు. వచ్చినవాళ్లెవరు, ఉన్నవాళ్లెవరు అన్న ప్రశ్న ఇక్కడ అన్నం ముద్దంత దగ్గరగా ఉంటుంది.

ఆ ప్రశ్నకు ప్రభుత్వం చెప్పిన జవాబును గమనించండి. పాత ముల్కీ నిబంధన పదిహేనేళ్ల నివాసం అడిగింది. రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చాక, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కళాశాల ప్రవేశాలకు వేరే కొలత పెట్టింది. అర్హత పరీక్ష రాసిన ఏడుతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావు? తాత ఎక్కడివాడన్నది పక్కకుపోయి, బడి రిజిస్టరు ముందుకొచ్చింది. మీరు ఆఫీసు కిటికీ దగ్గర వరసలో నిలబడి తీసుకునే బోనాఫైడ్ కాగితానికి ఇంత చరిత్ర ఉంది. క్యాంపు పిల్లవాడూ, పక్క ఊరి కాపు పిల్లవాడూ ఆ కాగితంలో ఒకటే. కాగితం బయట ఒకటేనా? దీన్ని ఎవరైనా కూర్చుని పరిశోధించాలి.

మరో సంగతి ఇంకా లోతైనది. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని పంచినప్పుడు, నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఇటు వచ్చాయి. మిగిలిన దెగ్లూరు అటు ఉండిపోయింది. బీదరు మైసూరుకు పోయింది. గీత గీసినవాళ్లు చుట్టరికాలను చూడలేదు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగ అయ్యారు. దెగ్లూరు వైపు ఉన్న బంజారాలు మహారాష్ట్ర లెక్కలో విముక్త జాతి. బీదరు వైపువాళ్లు కర్ణాటకలో షెడ్యూల్డు కులం. ఒకే గోర్ బోలీ మాట్లాడి, ఒకే తీజ్ పండుగ చేసుకునే జనానికి మూడు రాష్ట్రాలు మూడు పేర్లు పెట్టాయి. పెళ్లయి సరిహద్దు దాటి వచ్చిన ఆడపిల్ల తన కాగితాలు పట్టుకుని ఆఫీసులో నిలబడినప్పుడు ఈ చరిత్రంతా ఆమె నెత్తిన పడుతుంది.

1971లో సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. అప్పటి నుంచి గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లు లక్షలమంది పేదపిల్లలకు ఇల్లయ్యాయి. నేను వాటిని ఈ నేల మీద జరిగిన మంచి పనుల్లో మొదటి వరసలో పెడతాను. అయినా హాస్టలు గడప ఇంకా నిప్పుగానే ఉంది. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బయటికి పంపితే, వాళ్లు ఆవరణలోనే డేరా వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా చర్చ అతని కుల ధ్రువపత్రం చుట్టూనే తిరిగింది. ఒక పరిశోధకుడి మరణాన్ని కాగితం తగాదాగా కుదించడం మనకు సిగ్గు కావాలి.

2024 నవంబరులో రాష్ట్రమంతా ఇంటింటి కుటుంబ సర్వే జరిగింది. ముస్లింలలోని వారిని కలుపుకుని వెనుకబడిన తరగతులు 56.33 శాతమని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ లెక్క అవసరమే. అయితే బాన్సువాడ తరగతి గదిలో ఉర్దూ మీడియం నుంచి వచ్చిన అమ్మాయి మొదటి నెల ఎవరితో మాట్లాడింది, తండా నుంచి వచ్చిన కుర్రవాడు గోర్ బోలీని ఎక్కడ దాచుకున్నాడు, నాట్ల కాలంలో ఏ ఇళ్ల పిల్లలు తరగతికి రారు, డిగ్రీ రెండో ఏట పెళ్లి చేసి ఏ అమ్మాయిల చదువు ఆపేశారు అన్నవి ఆ సర్వేలో లేవు. వాటిని రాయగలిగింది మీరే.

విద్యార్థులారా, అధ్యాపకులారా, ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి. ముందు పాత అడ్మిషన్ రిజిస్టర్లను చెదలు ముట్టకముందే ఫొటోలు తీసి భద్రపరచండి. తర్వాత పాత విద్యార్థుల దగ్గర కూర్చుని వాళ్ల హాస్టలు రోజులు చెప్పించుకోండి. మొదటి ప్రశ్నగా కులం అడగకండి, తిండి అడగండి, దారి ఖర్చు అడగండి, స్నేహితుల పేర్లు అడగండి. ఒప్పుకుంటేనే రాసుకోండి, రాసింది వాళ్లకు చదివి వినిపించండి, అచ్చులో ఎవరి పేరూ పెట్టకండి. తెలుగులో రాయండి, ఉర్దూలో చెప్పినవాళ్ల మాట ఉర్దూలోనూ, గోర్ బోలీలో చెప్పినవాళ్ల మాట తెలుగు లిపిలోనూ ఉంచండి. అలా తయారైన మొదటి ప్రతిని ఈ ఊరి గ్రంథాలయంలో పెట్టండి.